ముప్పై ఏడో టోకెను

పుత్తూరులో ఎముకలు కట్టే రేకుల షెడ్డు కింద
నా ఎడమచెయ్యి నా ఒళ్లోనే పడుకోనుండాది,
ఎవరి బిడ్డో అన్నట్టు.
పక్కన తడుకు కాడ సారువ మీంచి పడిన మేస్త్రీ, తుంటి విరిగి.
ఎదురుగా ఎద్దు పొడిచిన ముసలాయన
ఎక్స్‌రే కవరుతో విసురుకుంటా ఉండాడు.
ఆకు నూరే పసరు వాసన, గుడ్డు నీచు వాసన,
మధ్య మధ్య లోపల్నించి ఒక కేక,
ఆ వెంటనే అందరం ఎవరి ఎముక వాళ్లు తడుముకోవడం.

అప్పుడొచ్చినాడు వాడు,
నగరి మరమగ్గాల కాడ కండెలు చుట్టే పిల్లోడు,
తలనిండా దూది నూగు,
అట్టపెట్టె రొమ్ముకి అదుముకోని.
పెట్టెలో నల్లగా ఏదో ముద్ద.
నోరు మాత్రం ఎర్రగా. ఒళ్లంతా నోరే.

"కాకిపిల్లా!" అనింది ఒకామె, కొంగు దగ్గరికి లాక్కోని.
"తాకితే తలకి పోసుకోవాల."
"యాడన్నా చెట్టు కింద వదిలెయ్‌రా, వాళ్లమ్మ చూసుకుంటాది."
"వాళ్లమ్మే పొద్దున కరెంటు తీగ మీద మాడిపోయింది.
మగ్గాలన్నీ ఆగిపోయినాయి.
మా ఓనరు కరెంటాఫీసుకి ఫోను చేసినాడు.
నేను దీన్ని తెచ్చినా."

నా టోకెను ముప్పై ఏడు.
వాడి దగ్గర టోకెనే లేదు.
ఇచ్చేసినా. దానం కాదు,
లోపలికి పోవాలంటే నాకు భయం, అంతే.

చెంగల్రాజు చేతులు కడుక్కోని వచ్చి
పెట్టెలో చూసి, అలవాటుగా అడిగినాడు:
"ఎట్ల పడినాడు?"
నవ్వబోయినోళ్లు ఆగిపోయినారు.
నలభై ఏండ్లుగా తుంటెముకలు లాగి కూర్చిన ఆ వేళ్లు
చీపురుపుల్లంత రెక్క ముందర
దోవ తప్పినట్టు నిలబడినాయి.

శిష్యుడు వెదురు బద్దలూ, గుడ్డ పీలికలూ,
గిన్నెలో చిలికిన గుడ్డుసొనా తెచ్చి పెట్టినాడు.
ఆయన గిన్నెలోకి చూసినాడు. పిల్లని చూసినాడు.
మళ్లీ గిన్నెలోకి.
"ఇది అవతల పెట్టరా," అన్నాడు మెల్లగా.
ఎందుకని ఎవరూ అడగలేదు.

పీలికలు ముతకవి, పిల్లకి ఊపిరాడదు.
నా సంచిలో కుట్టాల్సిన జాకెట్టు లైనింగు,
పిచ్చాటూరు పెండ్లికూతురిది, గంధం రంగు మల్లుగుడ్డ.
పండ్లతో పట్టుకోని కుడిచేత్తో చింపినా.
రెక్క మడిచి, ఒంటికి ఆనించి,
వదులుగా రెండు చుట్లు.
ముడి వేసేటప్పుడు ఆయన ఊపిరి బిగబట్టినాడు.
సూదిలో దారం ఎక్కించేటప్పుడు నేనూ అంతే.

"ఏం తింటాది సామీ?"
ఆయన గడ్డం గోక్కోని, ఎటో చూసి,
"కాకి గదా... గుడ్డు. ఉడకబెట్టింది. రోంత రోంత."
చెప్పినాక ఆయనకే నవ్వొచ్చింది.
మేస్త్రీ కూడా నవ్వబోయి, తుంటి పట్టుకోని అరిచినాడు.

తర్వాత నా వంతు.
నేనెంత అరిచిందీ చెప్పను.

మూడు వారాలకి కట్టు మార్చుకోను పోతే
ముందే వచ్చి కూర్చోనుండాడు వేలాయుధం, ఈసారి టోకెనుతో.
గంధం రంగు మట్టిరంగైపోయింది.
రెక్క అతుక్కునింది, రోంత కిందికి వాలి.
ఎగరేస్తే రేకుల దాకా పోయింది,
చూసుకున్న చోట కాదు, దాని పక్కన దిగింది.
"ఈ మాత్రం వంకర ఉంటాది," అన్నాడు రాజు,
దాన్ని చూస్తా అన్నాడో, నన్నో.

ఇప్పుడు నా కుట్టు, గీత గీసుకున్నా సరే,
మూర దాటితే పక్కకి జరగతా ఉంది.
లైనింగు చాల్లేదని పెండ్లికూతురు ఇంకా సణగతానే ఉంది.
మొన్న నగరి బస్టాండులో వాడు కనబడితే అడిగినా,
కాకి ఎట్లుందిరా అని.

"మద్దేన్నం వస్తాదక్కా, షెడ్డు మీదికి.
గుడ్డు పెడితే ముట్టదు ఇప్పుడు,
మా ఓనరు క్యారేజీలోదే కావాల దానికి."
ఆగి, నేల చూస్తా అన్నాడు:
"తీగ మీద కూర్చుంటే మాత్రం
రాయెత్తి కొడతా.
తగలకుండా."